చేపలూ, ఆవు గంటా, మా మేనకోడలూ

ఆట చూడ్డానికి వెళ్ళేవాళ్ళు చేత్తో ఏం పట్టుకెళ్తారో చెప్పండి? మా పాలకొల్లు వైపయితే వేయించిన వేరుశనక్కాయల పొట్లం. హైదరాబాదులో క్రికెట్టుకి వెళ్ళే కుర్రాళ్ళు బుగ్గలకి రంగులు పులుముకుని జెండా పట్టుకెళ్తారు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో ఇథాకా అని ఒక ఊరుంది. అక్కడ కార్నెల్ యూనివర్సిటీ పిల్లలు ఏడాదికోసారి ఒక ఆటకి చేపలు పట్టుకెళ్తారండీ! నమ్మండి, నిజం చేపలే. కోటు లోపల దోపుకుని, చొక్కా కింద పొట్టకి కట్టుకుని, గేటు దగ్గర తనిఖీ చేసేవాళ్ళ కళ్ళు కప్పి మరీ లోపలికి తీసుకుపోతారు. హార్వర్డ్ జట్టు మంచు మీదకి అడుగు పెట్టగానే తలా ఒకటి విసురుతారు. తర్వాత మనుషులు పారలతో వచ్చి వాటిని ఎత్తి పోసుకెళ్తారు. అప్పుడు గానీ ఆట మొదలవదు.

మాది పుస్తెలమ్మయినా పులస తినాలనే గోదావరి దేశం. ఈ సంగతి మా మేనకోడలు ఫోనులో మొదటిసారి చెప్పినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది.

"తినే చేపని నేలకేసి కొడతారుటే? అంత చదువూ చదివి?"

"అది పులస కాదులే అత్తా, కంగారు పడకు" అంది.

ఈ చేపల వెనకాల ఒక కోడి కథ ఉంది. హార్వర్డ్ 1636లో పుట్టిన కాలేజీ. కార్నెల్ 1865లో పుట్టింది. పైగా కార్నెల్లో వ్యవసాయ కళాశాల కూడా ఉంది. పాత డబ్బున్న ఇంటివాళ్ళు పొలం గట్టున ఉన్నవాళ్ళని చూసి ముక్కు మూసుకోవడం మనకి తెలియనిదా? బాపట్ల వ్యవసాయ కాలేజీ కుర్రాళ్ళని పట్నం కాలేజీవాళ్ళు ఎగతాళి చేసినట్టే ఇదీను. 1970లలో ఒకసారి ఆ ఎగతాళి ముదిరి, హార్వర్డ్ వాళ్ళు కార్నెల్ గోలీ మీదకి ఒక కోడిని విసిరారట. చెప్పే మనిషిని బట్టి ఆ కోడి ఒకసారి బతికుంటుంది, ఒకసారి చచ్చిపోయి ఉంటుంది. పురాణమన్నాక పాఠాంతరాలు తప్పవు గదా! హార్వర్డ్ బోస్టన్ పక్కనుంది. బోస్టన్ రేవు చేపలకి పేరు. కోడికి బదులు తీర్చాలంటే ఇంకేం కావాలి? ఆ పగ ఇవాళ్టికీ చల్లారలేదు. మన భీమవరంలో సంక్రాంతికి కోడిపుంజుల మీద పెరిగిన పౌరుషాలు తలుచుకుని, ఇదే నయం, ఇక్కడ కత్తి కట్టలేదు అనుకున్నాను.

దీనికో నియమం కూడా ఉంది. ఆట మొదలయ్యాక మంచు మీద ఏదన్నా పడితే శిక్ష కార్నెల్ జట్టుకే వేస్తారు. రెండు నిమిషాలపాటు ఒక మనిషి తక్కువగా ఆడాలి. అందుకని చేపలన్నీ ఆటకి ముందే పడాలి. ఆ తర్వాత ఎవడైనా ఆలస్యంగా ఒకటి విసిరాడా, వాడి ప్రాణం చుట్టుపక్కల వాళ్ళే తీస్తారు. కోల్గేట్ అనే ఇంకో కాలేజీతో ఆట ఉన్నరోజున చేపలుండవు. ఆరోజు టూత్‌పేస్టు గొట్టాలు విసురుతారు!

ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీని పచ్చిక మీంచి ఎత్తి గడ్డకట్టిన నీళ్ళ మీద పెట్టండి. జట్టుకి పదకొండు మంది బదులు గోలీతో కలిపి ఆరుగురు. బంతి ఉండదు. నల్ల నువ్వులుండని అరిచేత్తో అదిమినట్టుండే రబ్బరు బిళ్ళ. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, నూట డెబ్భై గ్రాముల బరువు. దాన్ని 'పక్' అంటారు. మంచు మీద గెంతకుండా జారడానికి ఆటకి ముందు దాన్ని కూడా గడ్డకట్టిస్తారు. ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆ వేగానికి ఎవరూ నిమిషానికి మించి నిలవలేరు గనక ఆటగాళ్ళు ఆట ఆగకుండానే గోడ దూకి మారిపోతూ ఉంటారు. మనం కళ్ళజోడు తుడుచుకునేలోపు ముందున్నవాళ్ళు వేరు, ఇప్పుడున్నవాళ్ళు వేరు. గోలయిందో లేదో పక్కవాళ్ళ మొహాలు చూసి తెలుసుకోవాలి.

ఇంతకీ నలభై దాటిన తెలుగు నవలా రచయిత్రికి ఈ మంచు మీద పనేమిటని మీరడగొచ్చు.

మా తమ్ముడు 2021 మే నెలలో పోయాడు. కరోనా రెండో విడత. ఆ రోజులెలాంటివో మీకు నేను చెప్పక్కర్లేదు. పదిమంది కూడా లేకుండా అంతా అయిపోయింది. వాడికి ఒక్కతే కూతురు. ఏడవలేదు. లేకపోతే మాస్కు వెనకాల ఏడ్చిందేమో, మాకు కనపడలేదు. కార్నెల్లో సీటు అప్పటికే వచ్చి ఉంది. మూడు నెలలు తిరిగేసరికి మా మరదలే గుండె రాయి చేసుకుని పిల్లని విమానం ఎక్కించింది. అక్కణ్ణించి ఫోను చేస్తే నాలుగే మాటలు. ఆ. ఊ. తిన్నాను. చలిగా ఉంది. "దాని గొంతు మర్చిపోయేలా ఉన్నానే" అనేది మా అమ్మ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళం. మా మామ్మ కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. కొండపల్లి బొమ్మల్లో పెళ్ళికూతురి పల్లకీ ఒకటుండేది. దాని బోయీ ఒకడికి కాలు విరిగితే మా తమ్ముడు చిన్నప్పుడు అగ్గిపుల్ల అతికించాడు. కొలువు పెట్టిన ప్రతి ఏడూ ఆ అగ్గిపుల్ల కాలు గురించి ఎవరో ఒకరు తమ్ముణ్ణి ఏడిపించాల్సిందే. అదీ కొలువులో భాగమే. ఏటిసూతకం గనక 2022 సంక్రాంతికి కొలువు లేదు. 2023లో పెట్టుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ అటకెక్కి పెట్టె దించినవాళ్ళు లేరు. ఆ మరుసటి ఏడూ అంతే. ఒక్క ఏడు మానేస్తే చాలు, ఆ మానెయ్యడమే ఆనవాయితీ అయి కూర్చుంటుంది.

ఇలా ఉండగా మేనకోడలి ఫోనులో ఈ ఐస్ హాకీ మొదలైంది. ముందు చేపలన్నది, తర్వాత ఆవు గంటన్నది, తర్వాత గోలీ పేరూ, కోచ్ పేరూ. నాలుగు మాటలు నలభై అయ్యాయి. 2024 మార్చిలో వీళ్ళ జట్టు సెయింట్ లారెన్స్ అనే కాలేజీని 3-1తో ఓడించి వాళ్ళ తూర్పు వైపు కాలేజీల కప్పు గెలిచిందని తెల్లవారుఝామున ఫోను చేసింది. మా అమ్మ ఉలిక్కిపడి లేచి, ఎవరికేమైందోనని దేవుడి గదిలోకి పరిగెత్తింది. మా ఇంట్లో వేళగాని వేళ ఫోను మోగితే ఇప్పటికీ అంతే.

చదువు ఆఖరి సంవత్సరంలో అడిగింది. "డిగ్రీ పట్టా పుచ్చుకోవడం మే నెలలో అమ్మ చూస్తుంది. నువ్వు మార్చిలో రా అత్తా. లైనా చూద్దువుగాని."

లైనా అంటే ఆ మంచు మైదానం ఉన్న భవనం. 1957లో కట్టారు. నాలుగువేల మంది పైచిలుకు పడతారు. పూర్వ విద్యార్థి ఒకాయన ఇంటిపేరు పెట్టారు. దాన్ని నమ్ముకున్న జనాన్ని 'లైనా ఫెయిత్‌ఫుల్' అంటారు. నేను భక్తబృందం అని తర్జుమా చేసుకున్నాను. చూశాక, తర్జుమాలో తప్పేమీ లేదనుకున్నాను.

2025 మార్చి మొదట్లో నేను చూసిన ఆట ప్లేఆఫ్ మొదటి రౌండు. అవతల యేల్. ఓడితే ఇంటికే. పైగా ముప్ఫయ్యేళ్ళుగా జట్టుని నడిపిన కోచ్ మైక్ షేఫర్‌కి అదే ఆఖరి ఏడాది. ఈయనా ఇక్కడ చదువుకున్నవాడే. 1986లో ఇదే జట్టుకి నాయకుడుగా కప్పు గెలిచి, 1995లో కోచ్‌గా వచ్చాడు. ఆడే రోజుల్లో ఒకసారి హార్వర్డ్‌తో ఆటకి ముందు, తన పేరు పిలవగానే, చేతిలో కర్రని తన నెత్తికేసి కొట్టుకుని రెండు ముక్కలు చేశాడని కథగా చెప్పుకుంటారు. పోతరాజు పూనినట్టు!

నేను చీర మీద స్వెట్టరూ, స్వెట్టరు మీద కోటూ, దాని మీద మేనకోడలిచ్చిన ఎర్ర లాగుడు చొక్కా వేసుకుని మునక్కాడల మూటలా వెళ్ళాను. లోపల బల్లలున్నాయి, కానీ విద్యార్థుల వైపు ఎవరూ కూర్చోరు. కూర్చోకూడదు. మొదటి పది నిమిషాలు నా మోకాళ్ళు మొరాయించాయి. తర్వాత వాటిని పట్టించుకునే తీరిక లేకపోయింది.

ముందు అందరికీ తలా ఒక వార్తాపత్రిక అందింది. 'కార్నెల్ డైలీ సన్' అని, 1880 నుంచీ అక్కడి విద్యార్థులే నడుపుకుంటున్న పత్రిక. 'పాపం, చదువుకునే పిల్లలు' అని ముచ్చటపడి నేను మొదటి పేజీ చదవబోతున్నాను. ఇంతలో మైకులో యేల్ ఆటగాళ్ళ పేర్లు మొదలయ్యాయి. అంతే! వందలమంది ఒక్కసారి పేపర్లు మొహాలకి అడ్డం పెట్టుకుని, "మీరెవరైతే మాకేం" అన్నట్టు శ్రద్ధగా చదువుతున్నారు! ఒక్కడు తలెత్తితే ఒట్టు. పేర్లయ్యాక ఆ పేపర్లన్నీ ఉండలు చుట్టేశారు. పత్రికలకి రాసి బతికేదాన్ని, నాకు మనసొప్పలేదు. నా పేపరు మడిచి సంచీలో పెట్టుకున్నాను.

జాతీయ గీతం వచ్చింది. అందరూ గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. అందులో ఒకచోట 'రెడ్' అనే మాట వస్తుంది. వీళ్ళ జట్టు రంగు అదే. ఆ మాట దగ్గర నాలుగువేల గొంతులు "రెడ్!" అని కేకేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు గీతంలో కలిసిపోయాయి. జనగణమన వస్తుంటే చెమట కూడా తుడుచుకోని తరం మాది. నాకు గుండె ఝల్లుమంది. అటూ ఇటూ చూశాను. పోలీసు కూడా నవ్వుతున్నాడు.

ఎక్కడో ఒక మూల ఆవు గంట మోగుతుంది. గంట ఆగిన ప్రతిచోటా జనం చప్పట్లు. మళ్ళీ గంట, మళ్ళీ చప్పట్లు. మా ఊళ్ళో సాయంత్రం పశువులు ఇంటికొచ్చే వేళ వినపడే గంటే అది. వ్యవసాయ కాలేజీ అని ఎవరు ఎగతాళి చేస్తే మాత్రం? ఆ గంటనే తెచ్చి మధ్యలో పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు చాలా నచ్చింది.

ఇక గోలయ్యాక చూడాలి. ఓడిన గోలీ వైపు చేతులు చాపి అందరూ "సీవ్! సీవ్!" అని అరుస్తారు. నేను మేనకోడలి చెవిలో, "ఏమిటే అది?" అని అరిచాను.

"జల్లెడ అత్తా! జల్లెడ! ఏదీ ఆపలేడని!"

తెలుగులో తిట్టు పెట్టినంత సుఖంగా అర్థమైంది. ఇంత మంచి తిట్టు మనవాళ్ళకి ఇన్నాళ్ళూ తట్టకపోవడం ఆశ్చర్యం. మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు, చెప్పిన మాట ఒక్కటీ నిలవని జల్లెడలు!

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది జల్లెడ గురించి కాదు. ఆ అరుపు గురించి. నా పక్కన నిలబడి అరుస్తున్నది నాలుగేళ్ళుగా "ఆ, ఊ" అన్న పిల్ల. మెడనరాలు పొంగి, మొహం జేవురించి, రెండు చేతులూ చాపి అరుస్తోంది. ఆ గొంతులో అచ్చం మా తమ్ముడి జీర ఉంది. వాడు గోదావరి గట్టు మీద నిలబడి అవతలి పడవవాణ్ణి పిలిచేవాడు చూడండి, ఆ జీర. ఇన్నాళ్ళూ ఫోనులో మెల్లగా మాట్లాడేసరికి అది మాకు వినపడలేదు. నేను సెల్‌ఫోను తీసి ఆట కాక దాన్నే రికార్డు చేసుకున్నాను.

ఆ రోజు కార్నెల్ గెలిచింది. సొంత మైదానంలో షేఫర్‌కి అదే ఆఖరి ఆట. ఆటగాళ్ళు వరసగా నిలబడి కర్రలెత్తి జనానికి నమస్కారం పెడుతుంటే, బయట చలి ఎలా ఉందో తెలిసి కూడా ఇంటికెళ్ళాలని ఎవరికీ లేదు. బ్యాండువాళ్ళు వాళ్ళ పాత పాట వాయిస్తూనే ఉన్నారు. 'గివ్ మై రిగార్డ్స్ టు డేవీ' అట. కాలేజీ నుంచి గెంటేసిన ఒక కుర్రాడి పాట, 1905 నాటిది. గెంటేసినవాడి పాట పాడుకుంటూ గెలుపు పండగ చేసుకునే చదువులమ్మని ఇక్కడే చూశాను.

తర్వాతి రౌండులో కోల్గేట్ మీద గట్టెక్కారు. చివరి రెండు ఆటలూ లేక్ ప్లాసిడ్‌లో. ఇథాకా నుంచి కారులో నాలుగైదు గంటల దారి. మేనకోడలూ, దాని స్నేహితురాళ్ళిద్దరూ, నేనూ, ఒక డబ్బా పులిహోర. దారి పొడుగునా కొండలూ, గడ్డకట్టిన చెరువులూ. వెనక సీట్లో పిల్లలిద్దరూ నిద్రపోయాక అడిగాను.

"ఇవన్నీ మీకెవరు నేర్పుతారే? పుస్తకంలో ఉంటాయా?"

అప్పుడు చెప్పింది, 2020 మార్చి సంగతి. ఆ ఏడు కార్నెల్ జట్టు రెండే రెండు ఆటలు ఓడి, దేశం మొత్తం మీద మొదటి స్థానంలో ఉంది. వీళ్ళు దేశం కప్పు గెలిచి అప్పటికి యాభయ్యేళ్ళు. ఈసారి తప్పదనుకున్నారు. ప్లేఆఫ్‌లో అడుగు పెట్టబోతుండగా కరోనా వచ్చి అన్నీ ఆపేశారు. ఆ ఏడు కప్పు ఎవరికీ లేదు. ఆ తర్వాతి ఏడాది వీళ్ళ కూటమిలోని కాలేజీలు అసలు ఆటలే పెట్టలేదు. లైనా ఖాళీ.

"నేను వచ్చేసరికి మొదటి రెండేళ్ళవాళ్ళకీ ఏమీ తెలీదత్తా. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళినవాళ్ళు కారు. పై రెండేళ్ళవాళ్ళకే తెలుసు. వాళ్ళూ వెళ్ళిపోయేవాళ్ళే. ఇంకో రెండేళ్ళు మూసేసి ఉంటే చెప్పేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు."

కాలేజీలో ఒక తరమంటే నాలుగేళ్ళేనండీ! మన ఇంట్లో అమ్మకి గుర్తు లేకపోతే మామ్మనడగొచ్చు. అక్కడ మామ్మ వయసు ఇరవై రెండు. ఆవిడ మే నెలలో పట్టా పుచ్చుకుని ఉద్యోగానికి పోతుంది.

పై తరగతి అమ్మాయి ఒకతె మొదటి ఏడు దీని పక్కన నిలబడేదట. ఇప్పుడు పేపరు తియ్యి, ఇప్పుడు నలుపు, ఇప్పుడు చప్పట్లు, ఇప్పుడు కాదు — అని చుట్టూ ఉన్న పదిమందికీ చెప్తూనే ఉండేదట. తను ఆట చూసిందీ లేదు. పండగనాడు ఇంటి ఇల్లాలు తిన్నదీ లేదు, కూర్చున్నదీ లేదు అన్నట్టు.

"నీకు సిగ్గెయ్యలేదుటే, అలా అరవడానికి?"

చాలాసేపు రోడ్డు చూసి, "అక్కడ అరిస్తే ఎందుకు అరుస్తున్నావని ఎవరూ అడగరత్తా" అంది.

నేను పులిహోర డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాను. తర్వాత పది మైళ్ళు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

లేక్ ప్లాసిడ్ చాలా చిన్న ఊరు. అలాంటి ఊళ్ళో రెండుసార్లు, 1932లోనూ 1980లోనూ, చలికాలపు ఒలింపిక్సు జరిగాయంటే నమ్మబుద్ధి కాదు. మేం వెళ్ళిన మైదానంలోనే 1980 ఫిబ్రవరి 22న కాలేజీ కుర్రాళ్ళతో కూర్చిన అమెరికా జట్టు, ప్రపంచంలో ఎదురులేని సోవియట్ జట్టుని 4-3తో ఓడించింది. ఆ కోచ్ హెర్బ్ బ్రూక్స్ పేరే మైదానానికి పెట్టారు. కాలేజీ పిల్లల మీద ఇక్కడివాళ్ళకి ఇంత గురి ఎందుకో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

మార్చి 22, శనివారం. ఫైనల్లో అవతల క్లార్క్‌సన్. నా ఎడమ పక్కన ఒక పెద్దాయన. ఎర్ర రంగు వెలిసిపోయి గులాబీ అయిన ఉన్ని టోపీ. మేనకోడల్ని చూసి ఆయన అడిగిన మొదటి మాట — "ఏ సంవత్సరం?" ఇది 2025 అంది. ఆయన 1970 అన్నాడు. అంతే, చుట్టాలైపోయారు! మనం "ఎవరమ్మాయివి, మీ ఇంటిపేరేమిటి" అన్నట్టు అక్కడ పట్టా పుచ్చుకున్న సంవత్సరం అడుగుతారన్నమాట.

1970 అంటే మాటలా? ఆ ఏడు నెడ్ హార్క్‌నెస్ కోచ్‌గా కార్నెల్ ఇరవై తొమ్మిది ఆటలాడి ఇరవై తొమ్మిదీ గెలిచింది. ఒక్క ఓటమి లేదు, ఒక్క సమానం లేదు. కాలేజీ మగపిల్లల మొదటి శ్రేణి హాకీలో దేశం కప్పు గెలిచిన జట్టు ఏదీ ఆ ముందూ ఆ తర్వాతా అలా ఏడాదంతా గడపలేదు. అంతకు ముందు 1967లో ఒకసారి గెలిచారు. అప్పటి గోలీ కెన్ డ్రైడెన్. తర్వాత మాంట్రియల్ జట్టులో ఆరుసార్లు స్టాన్లీ కప్పు అందుకుని, లాయరై, పుస్తకాలు రాసి, కెనడాలో మంత్రి కూడా అయ్యాడు. 2025 సెప్టెంబరులో పోయాడు. పెద్దాయన ఆయన ఆట కళ్ళారా చూశాడట. ఆ రోజుల్లో లైనా టిక్కెట్ల కోసం వరసలో పడుకునేవాళ్ళమని చెప్తుంటే, మా నాన్న నరసాపురంలో కొత్త సినిమాకి మొదటి రోజు టిక్కెట్టు తెచ్చిన కథ చెప్పినట్టే ఉంది. 1970 తర్వాత ఇన్నేళ్ళూ దేశం కప్పు రాలేదు. "నా జీవితంలో ఇంకోటి చూస్తానో లేదో. అందుకని దొరికిన కప్పుకల్లా వస్తాను" అన్నాడు.

కార్నెల్ 3-1తో గెలిచింది. వరసగా రెండో ఏడు, మొత్తం మీద పధ్నాలుగోసారి. చివరి క్షణాల్లో జనం అంకెలు లెక్కపెట్టడం మాత్రం గుర్తుంది. ఆ తర్వాత ఎవరు ఎవరిని కావిలించుకున్నారో తెలియదు. నన్నెవరో ఒకావిడ గట్టిగా పట్టుకుని ఊపేసింది. ఆవిడ మొహం కూడా నేను చూడలేదు. మంచు మీద చేతితొడుగులూ, టోపీలూ, కర్రలూ గాల్లోకి ఎగిరాయి. పిల్లలంతా కుప్పగా ఒకరి మీద ఒకరు పడ్డారు. షేఫర్ పక్కనెక్కడో నిలబడి ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళ పని ముగించిన మనిషికి ఆ క్షణాన ఏమనిపిస్తుందో! మా నాన్న స్కూల్లో చివరి గంట కొట్టించుకుని ఇంటికొచ్చి, చొక్కా మేకుకి తగిలించి, ఎందుకో మళ్ళీ తీసి తొడుక్కున్నారు. నాకు ఆ చొక్కా గుర్తొచ్చింది.

బ్యాండు వాళ్ళ కాలేజీ గీతం ఎత్తుకుంది. అంతసేపూ గోలగోలగా ఉన్న జనం ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని మెల్లగా ఊగుతూ పాడారు. 1970 పెద్దాయన ఒక చెయ్యి నా మేనకోడలి భుజం మీద వేశాడు. రెండో చెయ్యి నా భుజం మీద వెయ్యొచ్చా అన్నట్టు మర్యాదగా చూశాడు. తల ఊపాను. నాకు మాటలు రావు, రాగం మాత్రం పట్టుకున్నాను. వాళ్ళిద్దరికీ మధ్య యాభై అయిదేళ్ళు. ఒక్క అక్షరం తేడా రాలేదు.

బయటికొస్తే వీధి నిండా ఎర్రచొక్కాలే. దుకాణాల ముందు నిలబడి ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మళ్ళీ అవే కేకలు, అవే చప్పట్లు. ఎవరో ఆవు గంట కూడా తెచ్చారు. నేను, "ఇలా ఇయ్యి బాబూ" అని తెలుగులోనే అడిగి తీసుకుని నాలుగుసార్లు మోగించాను. గోదావరి జిల్లాదాన్ని, ఆవు గంట ఎలా మోగించాలో నాకొకరు నేర్పాలా?

ఆ తర్వాత వారం దేశం పోటీల్లో టొలీడో అనే ఊళ్ళో మిషిగన్ స్టేట్ మీద 4-3తో గెలిచి, రెండు రోజుల తర్వాత బోస్టన్ యూనివర్సిటీ చేతిలో అదనపు సమయంలో 3-2తో ఓడిపోయారు. షేఫర్ పని అక్కడితో సరి. ఆ ఓటమి రాత్రి మేనకోడలు మళ్ళీ "ఆ, ఊ"లోకి వెళ్ళిపోతుందేమోనని నాకు లోపల గుబులు. వెళ్ళలేదు. గంటసేపు రిఫరీని తిట్టింది. తర్వాత అన్నం పెట్టుకుని తింది. మే నెలలో పట్టా పుచ్చుకుని ఇప్పుడు ఇంకో ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. వెళ్ళేముందు కింది తరగతి అమ్మాయికి ఎక్కడ ఏం అరవాలో నాలుగు పేజీలు రాసిచ్చిందట. ఏ కేక ఎప్పుడు వెయ్యకూడదో కూడా రాశానంది. అదే ముఖ్యమట.

నేను ఏప్రిల్లో పాలకొల్లు వచ్చాను. మా అమ్మకి తెచ్చిన శాలువా ఇచ్చి, సంచీలో ఉన్న కార్నెల్ పేపరు చూపించి, చేపల కథ చెప్పాను. అంతా విని, "ఏం చేపలవి, చందువాలా?" అంది. కాదన్నాను. "మరింకేం, పోనీ" అంది.

తర్వాత ఫోనులో ఆ వీడియో పెట్టాను. కేకలూ, గంటా, డప్పులూ. వాటి మీదుగా మనవరాలి గొంతు. అమ్మకి చూపు ఆనదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమంటోందే?"

"జల్లెడ అంటోందమ్మా. ఆ గోలీని."

ఆవిడ నవ్వలేదు. చీర చెంగుతో ఫోను అద్దం తుడిచి నా చేతికిచ్చింది.

"మళ్ళీ పెట్టవే" అంది.